మూస్ వేటకు రమ్మన్నారు, ఏ కత్తి కొనను?

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గర పల్లెటూరు. ఉద్యోగరీత్యా స్వీడన్‌లోని ఊమియోలో ఉంటున్నాం. నా సహోద్యోగి ఒకతను వాళ్ల ఊరి వేట బృందంలో సభ్యుడు. సెప్టెంబరులో మూస్ (దుప్పి జాతికి చెందిన భారీ జంతువు) వేట మొదలవగానే నన్నూ రమ్మన్నాడు. తుపాకీ పట్టను. వాళ్ల వెంట తిరగడం, జంతువు పడ్డాక పనిలో ఓ చెయ్యి వేయడం, అంతే. ‘నీ కత్తి నువ్వు తెచ్చుకో’ అన్నాడు. ఆ తర్వాత మా ఆవిడ, తొమ్మిదేళ్ల బాబుతో కలిసి అడవిలో టెంటు వేసుకోవాలని కూడా ఉంది. ఆన్‌లైన్‌లో ఎనిమిది అంగుళాల నల్ల కత్తి ఒకటి బాగా నచ్చింది. వీపు మీద రంపం పళ్లు, బోలు పిడి, పిడి చివర దిక్సూచి. కానీ ఇక్కడి సంప్రదాయ కత్తి కొనాలనీ ఉంది. స్టెయిన్‌లెస్ మంచిదా, కార్బన్ స్టీలా? రెండు వేల క్రోనర్ల దాకా పెట్టగలను. ఇంట్లో కత్తి అంటే పిల్లాడున్నాడని మా ఆవిడకు టెన్షన్. ఇండియా వచ్చేటప్పుడు నాన్నకూ ఒకటి పట్టుకెళ్లొచ్చా?

సమాధానం: ముందు ఆ నల్ల కత్తి సంగతి తేల్చేద్దాం. కొనకండి. అది పట్టుకుని వేట బృందంలోకి వెళితే ఎవరూ ఏమీ అనరు, స్వీడన్ వాళ్లు మర్యాదస్తులు. కానీ పని మొదలయ్యాక మీ చేతిలోకి ఎవరో ఒకరు తమ కత్తి పెడతారు. ఆ రంపం పళ్లు కర్రను కోయవు, చీరేస్తాయంతే. పైగా కత్తి వీపు మీద బొటనవేలు ఆనించి నొక్కాల్సినప్పుడల్లా గుచ్చుకుంటాయి. పిడి బోలుగా ఉందంటే కత్తి ఇనుము పిడి మొదట్లోనే ఆగిపోయిందని అర్థం. గట్టిగా ఒత్తిడి పడితే విరిగేది అక్కడే. ఇక దిక్సూచి ఫోన్లో ఉంది, లేదంటే విడిగా కొనుక్కోవచ్చు.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది దాని పొడవు. పెద్ద మగ మూస్ 400 కిలోల పైనే తూగుతుంది. అంత జంతువుకు అంత కత్తి కావాలని మనకు అనిపించడం సహజమే. కానీ అక్కడ చేసే పని ఎలా ఉంటుందో చూడండి. జంతువును వెల్లకిలా పడేసి కాళ్లు పట్టుకుంటారు. పొట్ట మీద తోలును కొద్దిగా చీల్చి, ఆ సందులోంచి ఎడమచేతి చూపుడు వేలు, మధ్యవేలు లోపలికి దూర్చి తోలును పైకి ఎత్తిపడతారు. ఆ రెండు వేళ్ల మధ్య కత్తి మొన, పదునైన అంచు ఆకాశం వైపు. అలా వేళ్లతో పేగులను కిందికి అదుముతూ, కత్తిని ముందుకు జరుపుతూ రొమ్ము ఎముక దాకా తెరుస్తారు. మొన ఒక్క అంగుళం ఎక్కువ దిగినా పొట్ట సంచి తెగుతుంది. తెగిందంటే సగం అరిగిన మేత, పసరు, పేడ నీళ్లు అన్నీ మాంసం మీద పడతాయి. ఆ వాసనతో పాటు చుట్టూ ఉన్నవాళ్ల మౌనాన్ని కూడా మీరు భరించాలి. వేళ్ల మధ్య దాగి పనిచేయాల్సిన చోట ఎనిమిది అంగుళాల మొన ఎక్కడుందో మీకు తెలియనే తెలియదు. తర్వాత కాళ్లు విడదీసేటప్పుడు కూడా ఎముకను నరకరు, కీలు దొరకబుచ్చుకుని నరాలు తెంపుతారు. రొమ్ము ఎముక తెరవాలంటే రంపం ఉంటుంది. అందుకే ఉత్తర ఐరోపా వేటగాళ్ల నడుముకు వేలాడే కత్తి సాధారణంగా మూడున్నర, నాలుగు అంగుళాలకు మించదు.

మడతకత్తి ఎందుకు కాదంటే, మడత పడే కీలులోకి రక్తం, కొవ్వు చేరతాయి. అడవిలో దాన్ని పూర్తిగా కడగడం కుదరని పని. మడత లేని కత్తినైతే వాగు నీళ్లలో ఒకసారి జాడించి తుడిస్తే చాలు.

ఇప్పుడు మీరు అడిగిన సంప్రదాయం దగ్గరికి వద్దాం. స్వీడన్‌లో ఎవరిని అడిగినా మోరా అంటారు. డాలర్నా ప్రాంతంలో, సిల్యాన్ సరస్సు ఒడ్డున ఉన్న ఊరు మోరా. 90 కిలోమీటర్ల వాసలోపెట్ స్కీ పందెం ముగిసేది ఆ ఊళ్లోనే. దాని పక్కనే ఓస్ట్‌నూర్ అనే పల్లె. సేద్యం మీదే బతకలేని నేల కావడంతో అక్కడి ఇళ్లలో చేతిపనులు వందల ఏళ్ల కిందటే పుట్టాయి, కత్తులు చేయడం అందులో ఒకటి. 1891లో ఫ్రోస్ట్ ఎరిక్ ఎర్సన్ అనే ఆయన అమెరికాలో కలప పని చేసి తిరిగొచ్చి, ఓస్ట్‌నూర్‌లో దుంగలు లాగే మంచుబళ్ల కార్ఖానా పెట్టాడు. ఆ పనికి కావాల్సిన కత్తులు కూడా అక్కడే చేయించాడు. చివరికి బళ్లు పోయి కత్తులు మిగిలాయి. 1912లో అదే పల్లెలో ఎరిక్సన్ పేరుతో ఇంకో కార్ఖానా వచ్చింది. 2005లో రెండూ కలిసిపోయాయి. ఇప్పుడు ఆ కంపెనీ పేరు మోరాక్‌నీవ్.

ఈ కత్తిలో అందం తక్కువ, అవసరం ఎక్కువ. బర్చ్ చెట్టు చెక్కతో పీపా ఆకారంలో ఉండే ఎర్ర పిడి, నాలుగు అంగుళాల లోపు అంచు, పిడిలోపలికి దిగి దాగిన సన్నని ఇనుము, అంతే. వడ్రంగి, ఎలక్ట్రీషియన్, రైతు, సైన్యంలో చేరిన కుర్రాడు, అందరి దగ్గరా ఇదే వంశపు కత్తి. ఒకటి పోతే ఇంకొకటి కొనుక్కుంటారు. మీరు ‘సంప్రదాయ కత్తి’ అన్నప్పుడు గోడకు తగిలించే నగిషీ కత్తి మనసులో ఉండి ఉంటుంది. అక్కడి సంప్రదాయం మాత్రం చవకగా దొరికి రోజూ అరిగే కత్తిది.

అయితే ఆ ఎర్ర పిడి కత్తిని మీ మొదటి మూస్ వేటకు తీసుకెళ్లమని చెప్పను. ఆ పిడికి ముందు వైపు వేలికి అడ్డు ఉండదు. కర్ర చెక్కేవాళ్లకు అదే హాయి, పట్టు ఎటు మార్చుకున్నా అడ్డం రాదు. కానీ రక్తం, కొవ్వు అంటిన చేతికి ఆ నున్నటి చెక్క సబ్బుముక్కే. కొత్త చేయి, తొందర, చీకటి పడుతున్న వేళ... వేళ్లు ముందుకు జారాయంటే అంచు మీదికే వెళతాయి. ఆ కంపెనీదే కంపానియన్ అనే రకం ఉంది. రబ్బరు పట్టు ఉన్న పిడి, ముందు చిన్న వేలి అడ్డు, 10 సెంటీమీటర్లకు కాస్త పైగా అంచు, 2.5 మిల్లీమీటర్ల మందం, ప్లాస్టిక్ ఒర. ధర సుమారు రెండు వందల క్రోనర్ల దగ్గర ఉంటుంది. ఊళ్లో వేట సామాన్లు, వడ్రంగి సామాన్లు అమ్మే ఏ కొట్లోనైనా దొరుకుతుంది. మీకు నేను చెప్పే కత్తి అదే. నారింజ రంగు పిడి దొరికితే అదే తీసుకోండి. బ్లూబెర్రీ పొదల్లో ఆకుపచ్చ పిడి కత్తి కింద పెట్టి రెండడుగులు పక్కకు వెళ్లారంటే ఇక వెతుక్కోవడమే.

‘ఇంత చవకదా?’ అని మీకు మనసొప్పకపోవచ్చు. అదే కంపెనీ గార్బెర్గ్ అని ఇనుము పిడి చివరి దాకా వచ్చే కత్తి చేస్తుంది, దీనికి కొన్ని రెట్ల ధర. ఉత్తరాన బూడెన్‌లో ఉన్న ఫాల్‌క్నీవెన్ వాళ్ల ఎఫ్1 ఇంకా గట్టిది. 1995లో స్వీడన్ వాయుసేన పైలట్ల కోసం వచ్చిన కత్తి, 4.5 మిల్లీమీటర్ల మందం. రెండూ మంచి కత్తులే. కానీ మందం పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది, కోత మొద్దుబారుతుంది. తోలు కింద జారాల్సిన చోట, ఉల్లిపాయ కోయాల్సిన చోట, పుల్ల చెక్కాల్సిన చోట సన్నని కత్తిదే పైచేయి. మందమైన కత్తి గొప్పతనం కనిపించేది దాన్ని దుంగ మీద పెట్టి వీపు మీద ఇంకో కర్రతో బాది చీల్చేటప్పుడే. వీడియోల్లో ఈ దృశ్యం లేని కత్తి సమీక్ష ఉండదు. చేతిగొడ్డలి ఉన్నవాడికి ఆ అవసరం ఎందుకొస్తుంది చెప్పండి? మీ రెండు వేలలో కత్తికి పోగా మిగిలిన డబ్బుతో ఓ సాన రాయి, ఓ మడత రంపం, ఓ చిన్న గొడ్డలి తీసుకోండి. కట్టెల పని ఆ రెండూ చూసుకుంటాయి.

స్టెయిన్‌లెస్సా, కార్బనా అన్నదానికి మీ పనే సమాధానం చెబుతుంది. సెప్టెంబరు అడవి అంటే తడి గడ్డి, చినుకులు. రక్తంలో ఉప్పు ఉంటుంది, రాత్రి కత్తి తుడవకుండా ఒరలో పెడితే తెల్లారేసరికి కార్బన్ స్టీలు మీద తుప్పు మచ్చలు లేస్తాయి. తోలు ఒర అయితే మరీనూ. తడి పీల్చుకుని కత్తిని ఆ తడిలోనే ఉంచుతుంది. కాబట్టి వేటకు స్టెయిన్‌లెస్, ప్లాస్టిక్ ఒర. స్వీడన్ కత్తుల్లో వాడే సాండ్విక్ 12సి27 లాంటి స్టెయిన్‌లెస్ ఇంట్లోని మామూలు రాయి మీదే చక్కగా పదునెక్కుతుంది. ‘స్టెయిన్‌లెస్‌కు పదును రాదు’ అనే పాత మాట దీనికి వర్తించదు.

కార్బన్ స్టీలు సుఖం వేరు. ఇంకా త్వరగా, ఇంకా సన్నగా పదునెక్కుతుంది. వాడగా వాడగా బూడిద, నీలం కలిసిన రంగు వస్తుంది. మామిడికాయ కోస్తే మన కత్తిపీట నల్లబడుతుంది కదా, ఇదీ అంతే. ఆ రంగును పీచుతో తోమి పోగొట్టకండి. ఎర్రగా గరుకుగా కనిపించేదే తుప్పు, దాన్ని మాత్రం వెంటనే తీసేయాలి.

మీది ఊమియో కాబట్టి ఇంకో సంప్రదాయం కూడా మీకు దగ్గరే. ఉత్తరాన రెయిన్‌డీర్లను కాచే సామీ ప్రజల కత్తులు. పిడి, ఒర రెయిన్‌డీర్ కొమ్ముతో చేసి, సన్నని గీతలతో చెక్కి, ఆ గీతల్లో నలుపు నింపుతారు. వాళ్లకు పెద్ద కత్తి, చిన్న కత్తి రెండూ ఉంటాయి. పెద్దది డేరా గుంజలు, కొమ్మలు నరకడానికి, ఎముకలు చీల్చడానికి. చిన్నది మిగతా అన్నిటికీ. ఫిబ్రవరి మొదట్లో యోక్‌మోక్‌లో జరిగే చలికాలపు సంతలో వీటిని చేసినవాళ్ల చేతి మీదుగానే కొనుక్కోవచ్చు. ఆ సంత 1605 నుంచి జరుగుతోంది, చలి ఎముకలు కొరికినా ఒకసారి చూడాల్సిందే. ధర వేలల్లో ఉంటుంది, ఉండాలి కూడా, అది ఒక మనిషి వారాల పని. కొనుక్కోండి, కానీ రెండో కత్తిగా. పర్యాటకుల కొట్లలో ప్లాస్టిక్ కొమ్ముతో దొరికేవి మాత్రం వద్దు.

పదును గురించి మీరు అడగలేదు, నాకు మాత్రం కత్తి ఎంపికకన్నా అదే ముఖ్యం అనిపిస్తుంది. ఈ కత్తుల అంచు తీరే సులువైనది. వీపు నుంచి సగం దాకా ఒకే మందంలో వచ్చి, అక్కడి నుంచి అంచు దాకా ఒకే వాలు. ఆ వాలు వెడల్పుగా, కంటికి కనిపించేలా ఉంటుంది. కోణం ఎంత అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. తడి రాయి మీద ఆ వాలును పూర్తిగా ఆనించండి, సరిగ్గా ఆనినప్పుడు కత్తి కదలకుండా నిలుస్తుంది. అంచు ముందుగా, తేలిగ్గా నొక్కుతూ తోయండి. మొన దగ్గరికి వచ్చేసరికి పిడి కాస్త పైకెత్తాలి, లేకపోతే మొన దగ్గరి వంపు మొద్దుగానే ఉండిపోతుంది. కాసేపటికి అవతలి వైపు వీపు నుంచి అంచు వైపుగా వేలితో మెల్లగా తడిమితే అంచంతటా సన్నని గరుకు తగులుతుంది. అప్పుడు రెండో వైపు. ఆ గరుకు ఇటు నుంచి అటు తిరిగాక, పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగుతూ కొన్నిసార్లు రాస్తే పోతుంది. 1000 నంబరు రాయి ఒక్కటి చాలు. టమాటా తోలు మీద కత్తి బరువుతోనే దిగిందంటే వేటకు సిద్ధం. పదును లేని కత్తికి బలం ఎక్కువ పెట్టాలి, బలం ఎక్కువ పెట్టిన చేయే జారుతుంది.

ఇక టెంటు, నెగడు. స్వీడన్‌లో ఎవరి అడవిలోనైనా తిరగొచ్చు, ఒకటి రెండు రాత్రులు టెంటు వేసుకోవచ్చు, పండ్లు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు. వేట ఆ హక్కులో లేదు. చెట్టు మీద చెయ్యి వేయడం కూడా లేదు. నిలబడి ఉన్న చెట్టు నుంచి కొమ్మ నరకడం, బర్చ్ బెరడు ఒలవడం తప్పు. కొత్త కత్తి చేతిలో ఉన్నవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. కింద పడిన ఎండు పుల్లలు ఏరుకోండి, బెరడు కావాలంటే కట్టెలకు ఉన్నదే తీసుకోండి. వాన తర్వాత కట్టెలన్నీ తడిగా ఉంటే ఈ సన్నని కత్తి విలువ తెలుస్తుంది. గొడ్డలితో చీల్చిన కట్టె లోపలి భాగం పొడిగానే ఉంటుంది. వేలి లావు ముక్క తీసుకుని నిలువుగా దుంగకు ఆనించి, పై నుంచి కిందికి పల్చగా చెక్కండి, కానీ చివర తెగనివ్వకండి. ఆ పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి చుట్టలు చుట్టుకుని పుల్లకే వేలాడతాయి. అలాంటివి నాలుగైదు ఉంటే ఒక్క అగ్గిపుల్లతో నెగడు రాజుకుంటుంది. బయల్దేరే ముందు ఆ మున్సిపాలిటీలో మంట నిషేధం ఉందేమో చూసుకోండి. వేసవిలో తరచూ పెడతారు.

చట్టం మాట ఒకటి. 1988 నుంచి స్వీడన్‌లో కత్తుల చట్టం ఉంది. బహిరంగ ప్రదేశంలో, బడి ఆవరణలో, బహిరంగ ప్రదేశంలో ఉన్న వాహనంలో సరైన కారణం లేకుండా కత్తి ఉండకూడదు. వేటకు వెళ్లడం, టెంటుకు వెళ్లడం సరైన కారణాలే. వేట నుంచి వస్తూ పాల ప్యాకెట్ కోసం సూపర్‌మార్కెట్‌లోకి కత్తి నడుముకు పెట్టుకుని వెళ్లడం కాదు. కారెక్కే ముందే బెల్టు నుంచి తీసి సంచి అడుగున పెట్టేయండి. ఇంటికి రాగానే కారులోంచి కూడా తీసేయండి, ‘ఎప్పుడైనా పనికొస్తుందిలే’ అని డాష్‌బోర్డులో పడేసి నెలల తరబడి తిరగొద్దు.

మీ ఆవిడ టెన్షన్ న్యాయమైనదే. కత్తి తాళం వేసే అరలో ఉండాలి, ఇందులో బేరం లేదు. కానీ ఆ దేశంలో మీ బాబు వయసు పిల్లలు పుల్ల చెక్కడం నేర్చుకుంటారు. అడవిలో మీరు చెక్కుతుంటే వాడు చూస్తూ కూర్చోడు, అడుగుతాడు. దొంగచాటుగా పట్టుకోవడం కన్నా మీ ఎదురుగా పట్టుకోవడం నయం. మొన గుండ్రంగా ఉండి, పిడికి వేలి అడ్డు ఉన్న పిల్లల కత్తులు మోరా వాళ్లే చేస్తారు. కూర్చునే చెక్కాలి. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, కత్తి మోకాళ్లకు అవతల ఆడాలి. తొడల మధ్య చెక్కనివ్వొద్దు, తొడ లోపలి రక్తనాళం తెగితే అడవిలో ఆసుపత్రి దాకా టైం ఉండదు. చేయి చాపినంత దూరంలో ఎవరూ ఉండకూడదు. లేచాడంటే కత్తి ఒరలోకి వెళ్లాలి. మన ఇళ్లలో కత్తి చేతికివ్వకు, కింద పెట్టు అంటారు చూడండి, అది మాత్రం ఉన్నదున్నట్టు నేర్పండి. గాజుగుడ్డ, కట్టు ఉన్న చిన్న డబ్బా మీ సంచిలో పైనే ఉండాలి.

చివరగా నాన్న. తీసుకెళ్లండి, ఆయనకు మాత్రం ఆ ఎర్ర పిడి కార్బన్ కత్తే సరైనది. కొడవలి నూరిన చేతికి దాని పదును గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. మన ఆయుధాల చట్టం లైసెన్సు పట్టింపు తొమ్మిది అంగుళాలు దాటిన పొడవుకో, రెండు అంగుళాలు దాటిన వెడల్పుకో వర్తిస్తుంది. ఇది నాలుగు అంగుళాల లోపే. వన్యప్రాణి చట్టం వల్ల మన దగ్గర వేట లేదు కాబట్టి ఆయన దాంతో మామిడికాయలు, పందిరి గుంజల తాళ్లు కోసుకుంటారు. విమానంలో చేతి సంచిలో పెట్టొద్దు, చెక్‌-ఇన్ సామానులోనే వేయండి. ఒరలో పెట్టి, జారకుండా చుట్టూ అట్టముక్క కట్టి, టేపు వేయండి, సామాను తనిఖీ చేసేవాళ్ల చేయి తెగకుండా. అంచుకు కొద్దిగా కొబ్బరినూనె రాసి పెడితే కరీంనగర్ వానాకాలం దాకా తుప్పు పట్టదు.